రాతి బురుజు తవ్వబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

బురుజు తవ్వకం నీ చేతికి వచ్చిందని రాశావు, సంతోషం. మొదటి వారం పార ముట్టుకోవద్దంటే నవ్వుతావేమో, అయినా చెప్తున్నాను.

చుట్టూ పడి ఉన్న రాళ్లగుట్టని చెత్త అనుకుంటారు. కుర్రతనంలో నేనూ అలాగే అనుకుని, ఒక గుట్టని నాలుగు రోజుల్లో ఎత్తించేసి, కింద నేల కనబడగానే సంబరపడ్డాను. గోడ ఎలా పడిందని మా పెద్దాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. రాళ్లు ఒకే వైపు వరసలు చెదరకుండా పడి ఉంటే గోడ ఒక్కసారిగా ఒరిగిందని అర్థం. మధ్యలో సన్నమట్టి పేరుకుని ఉంటే ఏళ్ల తరబడి రాలిందన్నమాట. పడ్డ వరసలు లెక్కపెడితే పాత ఎత్తు కూడా కొంత తేలుతుంది. అందుకే ముందు ఫోటో, కొలత, నంబరు. ఆ తర్వాతే రాయి కదలాలి.

గోడ బయటపడగానే దాని వెంబడే తవ్వుకుంటూ పోవాలనిపిస్తుంది. పోవద్దు. గోడకీ నేలకీ ఉన్న అతుకు తెగిపోతే ఏది ముందో, ఏది వెనకో ఇక ఎవరూ చెప్పలేరు. గోడకు అడ్డంగా ట్రెంచ్ వేసి, పక్కన గట్టు వదిలి, దాని ముఖం మీద పొరలు చదువు. 1950లలో పాలస్తీనాలోని పాత ఊరు జెరికోలో పురావస్తు శాస్త్రవేత్త కాథ్లీన్ కెన్యన్ తవ్వించింది ఈ పద్ధతిలోనే. అక్కడి బురుజు ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తు, లోపల 22 మెట్లు. కుండలు చెయ్యడం ఇంకా తెలియని కాలం నాటిది, అంటే వయసు చెప్పడానికి పెంకులు కూడా ఉండవు. పొరలూ, కార్బన్ పరీక్షతో వయసు చెప్పే బొగ్గే దిక్కు.

బొగ్గంటే గుర్తొచ్చింది. దూలం బొగ్గు దొరికిందని ఎగిరి గంతెయ్యకు. ఆ చెట్టు ఎన్నేళ్ల కిందట పెరిగిందో, పాత దూలాన్నే మళ్లీ వాడారో తెలియదు. కాలిన గింజ దొరికితే అది మేలు, ఎందుకంటే అది ఒక్క పంటదే. మట్టి జల్లెడ పట్టకుండా బయట పారబొయ్యనివ్వకు.

అసలు టెన్షన్ లోపలి మట్టి తీసేటప్పుడు. చాలాసార్లు గోడని నిలబెట్టేది ఆ మట్టే. ఒక పక్కే లోతుగా తియ్యకుండా అన్ని వైపులా సమంగా దించుతూ రా. బీట కనిపిస్తే దానికి అడ్డంగా సన్నటి గాజుపలక అతికించు. అది పగిలిందంటే గోడ కదులుతోందని, మనుషుల్ని వెంటనే బయటికి పిలువు. వాన పడ్డ మర్నాడు లోపలికి ఎవరినీ దించకు, పై ఆఫీసు తొందరపెట్టినా సరే.

మొదటి వారం రాళ్లగుట్ట బొమ్మ గీసి నాకు పంపు. ఫోటో కాదు, నీ చేత్తో గీసిందే.