యూకాన్ చలికి జాకెట్ కంటే ముందు తీగ చుట్ట కొనండి

"కెనడా ఉత్తరాన యూకాన్‌లో ఉద్యోగం వచ్చింది. జాకెట్, బూట్లు కాక ఇంకేం కొనాలి?" అని అడిగారు. మెత్తని ఇనుప తీగ ఒక చుట్ట, ఒక కటింగ్ ప్లయర్ కొనండి. మన దగ్గర స్లాబ్ వేసేటప్పుడు కడ్డీలు కట్టే బైండింగ్ వైరే అనుకోండి. బండిలో పెట్టుకుని మర్చిపోండి.

నేనుండేది యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌లో. ఒక జనవరిలో ఉత్తరాన ఉన్న డాసన్ ఊరికి వెళ్తుంటే, దారిలో పెల్లీ క్రాసింగ్ అనే ఊరు దాటాక సైలెన్సర్ ఊడి రోడ్డుకు గీసుకోవడం మొదలైంది. బయట మైనస్ 38. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఒకటే టెన్షన్. కాసేపటికి వెనక వచ్చిన పికప్ ఆగింది. అందులోంచి దిగిన పెద్దాయన ఏమీ అడగలేదు. మంచు మీద అట్టపెట్టె పరిచి బండి కిందికి దూరాడు. తీగను రెండు పేటలుగా మడిచి సైలెన్సర్ చుట్టూ తిప్పి, పైనున్న కొక్కేనికి తగిలించి, ప్లయర్‌తో మెలి పెట్టాడు. మెలి బిగిసే కొద్దీ సైలెన్సర్ అంగుళం అంగుళం పైకి లేచింది. నా దగ్గరున్న ప్లాస్టిక్ టై ఇవ్వబోతే, తీసుకుని వేళ్ళతో వంచాడు. అప్పడంలా పుటుక్కుమని విరిగింది. తాడైతే సైలెన్సర్ వేడికి కాలిపోతుంది, టేపు ఆ చలికి అంటుకోనే అంటుకోదు. వేడినీ చలినీ రెండింటినీ ఓర్చుకునేది తీగ ఒక్కటే. ఆ కట్టుతోనే డాసన్ చేరి, తిరిగి ఇంటికొచ్చాను.

అప్పటి నుంచి ఎవరి క్యాబిన్‌కి (అడవిలోని కొయ్య ఇంటికి) వెళ్ళినా నా కళ్ళు తీగనే వెతుకుతాయి. పొయ్యి గొట్టం గాలికి ఊగకుండా కప్పుకు కట్టేది అదే. టీ కాచే డబ్బాకు పిడి అదే. మంచు మీద లాగే స్లెడ్జి బండి పట్టీ విరిగితే దానికి కట్టూ అదే. కుందేళ్ళు నడిచే దారిలో పిడికిలి పట్టేంత ఉచ్చు వేసి, నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున వేలాడదీస్తారు. దానికి మాత్రం సన్నని ఇత్తడి తీగ.

ఈ తెలివి నిన్నా మొన్నటిది కాదు. అమెరికా నుంచి అలాస్కా మీదుగా రష్యాకు, అక్కడి నుంచి యూరప్‌కు టెలిగ్రాఫ్ లైను వేద్దామని 1865లో ఒక కంపెనీ యూకాన్‌కు దక్షిణాన ఉన్న బ్రిటిష్ కొలంబియా అడవుల్లో తీగ లాగింది. 1866లో అట్లాంటిక్ సముద్రం అడుగున అమెరికాను, యూరప్‌ను కలిపే కేబుల్ పనిచేయడంతో ఆ లైన్ను మధ్యలోనే వదిలేసింది. అక్కడి హగ్విల్‌గెట్ అనే ఊరి దగ్గర ఆదివాసులు ఆ తీగనే వాడి బల్క్‌లీ నది లోయ మీద తమ కొయ్య వంతెనను గట్టి చేసుకున్నారు. ఇంజనీరింగ్ అంటే నా లెక్కలో అదీ!

ఒక్క విషయంలో మాత్రం నాకు కోపం ఆగదు. పని అయ్యాక తీగను అడవిలో వదిలేసి పోవడం. రెండో ప్రపంచ యుద్ధంలో కానోల్ అనే చమురు పైపులైను పక్కన వేసిన టెలిఫోన్ తీగ దశాబ్దాల పాటు అక్కడే పడి ఉంది. మూస్‌లు, కారిబూలు (రెండూ దుప్పి జాతి జంతువులే) కొమ్ములకు చుట్టుకుని, విడిపించుకోలేక చచ్చాయి. ఈ మధ్యే మనుషులు వెళ్ళి చుట్టచుట్టి తీయాల్సి వచ్చింది. వేసినవాళ్ళే తీసి ఉండాల్సిన పని అది.

కొనేటప్పుడు నల్లగా ఉండే మెత్తని తీగ అడగండి. మెరిసే జింకు పూత తీగ పొయ్యి దగ్గర వద్దు, బాగా కాలితే ఆ పొగ మంచిది కాదు. చేత్తో వంగాలి, ప్లయర్‌తో రెండు మెలికలు వేసినా తెగకూడదు. కొట్లోనే ఒక ముక్క మెలిపెట్టి చూసి తీసుకోండి.