ఎండలో పని చేస్తే మూత్రం ముదురు పసుపు.. కిడ్నీలు చెడినట్టేనా?

ప్రశ్న: నా వయసు 36. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్తాను. ఎండలు ముదిరినప్పటి నుంచి మధ్యాహ్నం పూట మూత్రం కొంచెమే, ముదురు పసుపు రంగులో వస్తోంది. టెస్టు చేయిస్తే క్రియాటినిన్ 0.9, మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ 1.028 అని వచ్చింది. మా ఊళ్లో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లను చూశాను. చాలా టెన్షన్‌గా ఉంది. పొద్దున్నే ఐదు లీటర్ల నీళ్లు తాగేయమంటున్నారు. తాగొచ్చా?
- ఓ పాఠకుడు

జవాబు: మీది ఉద్దానం అన్నాక ఆ భయం ఎందుకో అర్థమైంది. అయితే మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే ఆ స్పెసిఫిక్ గ్రావిటీ 1.028 చూసి నాకు మాత్రం ధైర్యం కలిగింది. నీళ్లు తక్కువైనప్పుడు మూత్రాన్ని చిక్కబరచే పని మీ కిడ్నీలు చక్కగా చేస్తున్నాయి.

మన కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడకడతాయి. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు తొమ్మిదన్నమాట. బయటికి పోయేది లీటరున్నర, రెండు లీటర్లే. వడకట్టిన దాంట్లో మూడింట రెండు వంతులు మొదటి గొట్టంలోనే రక్తంలోకి వెనక్కి వెళ్లిపోతాయి. నేర్పంతా ఆ తర్వాతే.

మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించి పెడితే ఊట దిగుతుంది కదా! ఉప్పు ఎటుంటే నీరు అటు పోతుంది. కిడ్నీ లోపలి భాగంలో జరిగేదీ అదే. జడపిన్నులా వంగిన హెన్లీ గొట్టం ఉప్పును బయటికి తోడిపోస్తుంటుంది. దానికి యూరియా తోడై, అక్కడి గాఢత రక్తం కన్నా నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది. తయారవుతున్న మూత్రం ఆ ఉప్పటి చోటు గుండానే కిందికి దిగాలి. దిగే గొట్టాల గోడల్లో నీరు పోయే సన్నని దారులుంటాయి. వాటి పేరు ఆక్వాపోరిన్లు. వీటిని కనిపెట్టినందుకే పీటర్ ఏగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది. చెమట పోసి రక్తం గాఢత ఒక్క శాతం పెరిగినా మెదడు పసిగట్టి ఏడీహెచ్ అనే హార్మోన్ వదులుతుంది. దాంతో ఆ దారులు తెరుచుకుని నీరు రక్తంలోకి వచ్చేస్తుంది. పసుపు రంగు పదార్థం మాత్రం మూత్రంలోనే మిగులుతుంది. కొంచెం నీళ్లలో అదే రంగు ముదురుగా కనిపిస్తుంది, అంతే.

ఈ పొదుపుకూ హద్దుంది. వ్యర్థాలు పోవాలంటే రోజుకు కనీసం అర లీటరు మూత్రం రావాల్సిందే. మీకు మధ్యాహ్నమే అంత ముదిరిందంటే కిడ్నీలను ఆ హద్దు దాకా నెడుతున్నారన్నమాట. రోజూ అలా నెట్టకండి.

అలాగని ఐదు లీటర్లు ఒకేసారి తాగొద్దు. గంటకు లీటరుకు మించి నీటిని కిడ్నీలు బయటికి పంపలేవు. రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. పనిలో ఉన్నంతసేపూ ఇరవై నిమిషాలకోసారి గ్లాసుడు నీళ్లు తాగండి. మధ్యలో ఉప్పేసిన మజ్జిగ గానీ ఓఆర్‌ఎస్ గానీ తీసుకోండి. ఇంకో మాట, ఇది మీరు అడగలేదు. సాయంత్రం ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కొని వేసుకునే అలవాటుంటే ఇవాళే మానేయండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీకి రక్తం అందకుండా చేస్తాయి. నేను చూసే కూలీల్లో చాలామంది కిడ్నీలు ఇలాగే దెబ్బతిన్నాయి.

ఉద్దానం జబ్బు ఎక్కువగా ఈ గొట్టాలనే దెబ్బతీస్తుంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. గొట్టాలు దెబ్బతింటే మూత్రం చిక్కబడదు. నీళ్లు తాగకపోయినా పలచగానే వస్తుంది, రాత్రుళ్లు రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది, స్పెసిఫిక్ గ్రావిటీ 1.010 దగ్గరే ఆగిపోతుంది. మీకు అలా లేదు. అయినా మీ ప్రాంతం దృష్ట్యా ఆర్నెల్లకోసారి క్రియాటినిన్, మూత్ర పరీక్ష, బీపీ చూపించుకోండి. మూత్రం ఎర్రగా లేదా కోలా రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, కాళ్లు వాచినా, పన్నెండు గంటలు మూత్రమే రాకపోయినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.