చెన్నైలో ఈస్టర్: పిల్లలకి శుక్రవారం దాచకండి

ఈ మధ్యే గుంటూరు నుంచి చెన్నైలోని షోలింగనల్లూరు వచ్చిన ఓ చెల్లెమ్మ మొన్న ఆరాధన అయ్యాక నన్ను ఆపి అడిగింది. "అన్నయ్యగారూ, మావాడికి ఆరేళ్లు. ఈస్టర్ అంటే వాడికి కుందేలు చెవులు, రంగు గుడ్లే తెలుసు. ఊళ్లో అయితే మా అత్తయ్య దగ్గర కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పేది. ఇక్కడ నేనొక్కదాన్నే. సిలువ గురించి ఇంత చిన్నవాడికి ఎలా చెప్పాలి? భయపడతాడేమో." గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. కొత్తగా వచ్చిన మిగతావాళ్లకీ పనికొస్తుంది.

నేను చెన్నై వచ్చి పందొమ్మిదేళ్లు. మాది తెనాలి దగ్గర పల్లె. చిన్నప్పుడు మాకెవరూ ఈస్టర్ గురించి పాఠం చెప్పలేదు. శనివారం సాయంత్రం నాన్న, బాబాయి సమాధుల తోటలో కలుపు పీకి సున్నం వేసేవాళ్లు. ఆదివారం ఇంకా చీకటి ఉండగానే మమ్మల్ని లేపి, పూలు, కొవ్వొత్తులు చేతికిచ్చి తాతయ్య సమాధి దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు. గాలికి కొవ్వొత్తి ఆరిపోతే పక్క సమాధి మీద వెలుగుతున్న దాంతో మళ్లీ ముట్టించుకునేవాళ్లం. తెల్లవారేసరికి అందరూ పాడుతూ ఉండేవారు. చనిపోయినవాళ్ల దగ్గరికి కొత్త బట్టలు కట్టుకుని ఎందుకు వెళ్తామని మేం అడగలేదు. చూస్తుంటేనే అర్థమైంది.

ఇక్కడ నా పిల్లలకి అదేమీ లేదు. పైగా నేను పెద్ద తప్పు చేశాను. చిన్నపిల్లకి రక్తం, మేకులు ఎందుకులే అని యేసయ్య సిలువ మీద చనిపోయిన శుక్రవారం సంగతి మొత్తం దాటేసి, "యేసయ్య లేచాడు" అని చెప్పి చాక్లెట్ గుడ్డు చేతిలో పెట్టేవాణ్ని. పాపకి ఏడో ఏట మా అమ్మ పోయింది. ఊళ్లో పెట్టె మూత వేస్తుంటే నా చొక్కా పట్టుకుని, "నాయనమ్మకి ఊపిరాడదు కదా నాన్నా" అంది. ఆ పిల్లకి చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. యేసయ్య కూడా చనిపోయాడని, ఆయన్నీ ఇలాగే బట్టలో చుట్టి సమాధిలో పెట్టారని, వాకిలికి రాయి అడ్డం పెట్టారని తనకి ముందే తెలిసుంటే ఆ రోజు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. లేచాడని చెప్పాను గానీ, ఎక్కణ్నుంచి లేచాడో చెప్పలేదు.

అందుకే చెల్లెమ్మా, శుక్రవారం దాచకు. వయసును బట్టి కొలిచి చెప్పు, అంతే. నాలుగైదేళ్ల పిల్లలకి "ఆయన్ని చాలా బాధపెట్టారు, చనిపోయాడు, వాళ్లమ్మ పక్కనే ఉంది" అంటే చాలు. ఆరేడేళ్లు వస్తే శిష్యుడు పేతురు కథ చెప్పొచ్చు. యేసు ఎవరో నాకు తెలియదని మూడుసార్లు బొంకడం, కోడి కూయగానే బయటికెళ్లి ఏడవడం పిల్లలకి బాగా తగులుతుంది, ఎందుకంటే భయపడి అబద్ధం చెప్పడం వాళ్లకీ తెలుసు. ఆ హింసని చూపించే సినిమాలు మాత్రం ఇప్పుడే పెట్టకు. "నువ్వు అల్లరి చేశావు కాబట్టే యేసయ్య చనిపోయాడు" అని ఎప్పుడూ అనకు. ఆ బరువు పిల్లలు మోయలేరు. మనల్ని అంతగా ప్రేమించాడని చెప్పు. అలాగే యూదులు చంపేశారని ఒక జాతి మొత్తం మీదికి నెట్టకు. యేసు యూదుడే, ఆయన తల్లీ యూదురాలే.

మావాడు ఓసారి అడిగాడు, "చనిపోతే శుభ శుక్రవారం ఎలా అయింది?" అని. నేను తడుముకుంటుంటే పక్క ఫ్లాట్ తమిళ మామిగారు, "మేం పెరియ వెళ్ళి అంటాం కన్నా, పెద్ద శుక్రవారం" అన్నారు. పునిత వెళ్ళి అని కూడా అంటారు, అంటే పవిత్రమైన శుక్రవారం. ఇంగ్లీషులో గుడ్ అన్నదానికి కూడా అక్కడ పవిత్రమనే అర్థం. దాన్నే మనం శుభం చేసుకున్నాం. ఇలా పక్కింటి భాష మన పండగ అర్థం విప్పి చెప్పడం చెన్నైలో ఉన్నందుకు దొరికిన మేలు. ఈస్టర్‌కి ముందు ఆదివారం వచ్చే మట్టల ఆదివారాన్ని వీళ్లు కురుత్తోలై ఞాయిరు అంటారు, లేతాకుల ఆదివారమన్నమాట. చర్చి దగ్గర ఇచ్చే ఆ లేత కొబ్బరాకుని సిలువగా మడవడం తమిళ పిల్లలకి బాగా వచ్చు. నీ కొడుకుని వాళ్ల మధ్య కూర్చోబెడితే పది నిమిషాల్లో నేర్చుకుంటాడు.

గురువారం రాత్రి పిల్లాణ్ని డాబా మీదికి తీసుకెళ్లి చంద్రుణ్ని చూపించు. వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యాక వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. అందుకే 2025లో ఏప్రిల్ 20న, 2026లో ఏప్రిల్ 5న వచ్చింది, 2027లో మార్చి 28న వస్తుంది. యూదుల పస్కా పండుగ కూడా పౌర్ణమికే కాబట్టి, గెత్సేమనే తోటలో యేసు ప్రార్థించిన రాత్రి ఇలాంటి నిండు వెన్నెలే ఉండుంటుంది. స్నేహితులు నిద్రపోతుంటే ఆయన ఒక్కడే మేలుకుని ఉన్నాడని ఆ వెన్నెల్లో చెప్పు. మళ్లీ పుస్తకం తెరవక్కర్లేదు.

శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. చిన్నపిల్లలు అంతసేపు కూర్చోలేరు, తిట్టకు. ఒక్క మాట చాలు. మా ఇంట్లో పిల్లలకి నచ్చింది తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట. అంత బాధలోనూ అమ్మని ఎవరు చూసుకుంటారా అని ఆలోచించాడంటే మావాడు చాలాసేపు మాట్లాడలేదు. దప్పిగొన్నానన్న మాట ఇంకోటి. దప్పి అనే తెలుగు మాటే మన పిల్లలకి ఇక్కడ వినపడదు. ఏప్రిల్ ఎండలో ఆడుకొచ్చి నీళ్లకి పరిగెత్తినప్పుడు చెప్పు, "ఇదే నాన్నా దప్పి."

ఇక చేతులతో చేసే పని. వెడల్పాటి మట్టి మూకుట్లో మన్ను పోసి, చిన్న ముంతని పక్కకి పడుకోబెట్టి సగం పూడ్చు. అదే సమాధి. మంగళవారం రాత్రి మెంతులు నానబెట్టి బుధవారం పొద్దున చుట్టూ చల్లించు. గోధుమ గింజ భూమిలో పడి చస్తేనే విస్తారంగా ఫలిస్తుందని యేసే తన గురించి చెప్పాడు కదా, ఆ మాట అప్పుడే చెప్పు. శుక్రవారం మూడింటికి చిన్న బొమ్మని తెల్ల గుడ్డలో చుట్టి లోపల పెట్టించి, గుండ్రాయి అడ్డం పెట్టించు. శనివారం ఏమీ చేయొద్దు. పండగ వంట, పాటలు ఏవీ వద్దు. మావాడు ఆ రోజంతా మూకుడు చుట్టూ తిరిగేవాడు, "ఒక్కసారి తీసి చూద్దాం నాన్నా" అని. శిష్యులకీ ఆ రోజు ఏమీ తెలియదని చెప్పేవాణ్ని. ఆ ఎదురుచూపు లేకపోతే ఆదివారం ఉత్త సెలవే.

ఆదివారం చీకటితోనే లేపు. రాయి పక్కకి జరిగి ఉంటుంది, లోపల బొమ్మ ఉండదు, గుడ్డ మాత్రం ఉంటుంది. చుట్టూ మెంతి మొలకలు. పాపకి తొమ్మిదేళ్లప్పుడు నిలదీసింది, "నువ్వే తీశావు కదా?" అని. "అవును, ఇది బొమ్మ కాబట్టి నేనే తీశాను. ఆ రోజు ఆయన్ని ఎవరూ తీయలేదు" అన్నాను. పిల్లలతో అబద్ధమాడొద్దు. గుడ్లు కూడా మానిపించక్కర్లేదు. పూర్వం ఈస్టర్‌కి ముందు ఉపవాస దినాల్లో గుడ్లు ముట్టేవాళ్లు కాదు, పండక్కి తినేవాళ్లు, పెంకు పగిలి పిల్ల బయటికి రావడం తెరుచుకున్న సమాధికి గుర్తు అని చెప్పు. కుందేలు జర్మనీ వాళ్ల ఆచారం, దానికి సువార్తతో పని లేదు.

ఆరాధనకి వెళ్లేముందు ఊరికి వీడియో కాల్ చెయ్యి. మా తమ్ముడు అమ్మ సమాధి దగ్గర నిలబడి ఫోన్ తిప్పి చూపిస్తాడు. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్. ఇప్పటికీ ఆ కాల్ తనే చేస్తుంది.

తర్వాతి ఆదివారం శిష్యుడు తోమా కథ. గాయాల్లో వేలు పెడితే తప్ప నమ్మనన్నాడు, యేసు కోప్పడలేదు, వచ్చి చెయ్యి చాపమన్నాడు. పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తే ఆ కథే చెప్పు. ఆ తోమా ఈ ఊరికే వచ్చి పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) కొండ మీద ప్రాణం వదిలాడని, శాంథోమ్‌లో సమాధి చేశారని ఇక్కడివాళ్ల నమ్మకం. కొండ సుమారు మూడొందల అడుగులే. ఎండ ఎక్కకముందే వెళ్లండి, మెట్లు పిల్లాడే ఎక్కేస్తాడు.

ముంత కోసం వెతుక్కోకు, మా ఇంట్లో రెండున్నాయి, ఒకటి తీసుకెళ్లు. శనివారం రాత్రి మాత్రం వాడు బాగా నిద్రపోయాకే రాయి జరుపు.