షెడ్డు కొనాలా, కట్టుకోవాలా? ముందు నేల సంగతి చూడు తమ్ముడూ

ప్రశ్న: ఆర్నెల్ల కిందట ఇంగ్లండులోని స్విండన్‌లో ఇల్లు కొన్నాం. గరాజ్ లేదు. సైకిళ్ళు, గడ్డి కోసే మెషీను, సూట్‌కేసులు పెట్టుకోవడానికి వెనక గార్డెన్‌లో 8 అడుగులకు 6 అడుగుల షెడ్డు వేయాలనుకుంటున్నాం. రెడీమేడ్‌ది కొనాలా? కలప తెచ్చి నేనే కట్టుకుంటే డబ్బు మిగులుతుందా?

జవాబు: తమ్ముడూ, వయసులో పెద్దవాణ్ణి కాబట్టి చనువుగా నువ్వు అనే అంటాను. మొదటి షెడ్డు కొనుక్కో. కట్టుకుంటే డబ్బు మిగులుతుందన్నది పనిముట్లూ పనితనమూ ముందే ఉన్నవాళ్ళ విషయంలో నిజం. లాప్‌టాప్ తప్ప వేరే పనిముట్టు పట్టని మనలాంటివాళ్ళకు మిగలదు. నేను కొన్నాను, కట్టాను, రెండుసార్లూ డబ్బు పోగొట్టుకున్నాను. నీకు ఆ ఖర్చు తప్పాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేం మిల్టన్ కీన్స్‌లో ఇల్లు కొన్నది 2008 చివర్లో. డిపాజిట్‌కీ లాయరుకీ పోగా బ్యాంకులో 900 పౌండ్లు మిగిలాయి. అప్పట్లో ప్రతి పౌండునీ 75తో గుణించి రూపాయల్లో చూసేవాణ్ణి. కొత్తగా వచ్చినవాళ్ళందరూ చేసేదే, నువ్వూ చేస్తూ ఉంటావు. మర్నాటి వసంతంలో 189 పౌండ్లకు ఒక షెడ్డు కనబడింది. దాదాపు 14 వేల రూపాయలు. దానికన్నా చవకది ఇంకెక్కడా లేదు, అందుకే కొన్నాను. అదీ క్రెడిట్ కార్డు మీద. నెలనెలా కొంచెం కొంచెం కడుతూ పోయాను, వడ్డీ ఎంతవుతోందో చూసుకోలేదు.

లారీవాడు పలకలన్నీ ఇంటి ముందు పేవ్‌మెంట్ మీద దించేసి వెళ్ళిపోయాడు. కింద వేసే బేస్ మనదే బాధ్యత అని ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. నేను చదవలేదు. బేస్‌కు మళ్ళీ 100 పౌండ్లా అనిపించి, గడ్డి మీదే నాలుగు మూలలా సిమెంటు పలకలు పరిచి, ఇద్దరు స్నేహితుల సాయంతో ఒక్క ఆదివారంలో షెడ్డు నిలబెట్టేశాను.

ఆ రాత్రి ఫోన్లో మా నాన్నగారికి గొప్పగా చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు: "నేల ఏ రకంరా?"

మాది నరసరావుపేట దగ్గర పల్లె. నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చే నేల. పునాది లోతు చాలక మా పశువుల కొట్టం గోడ రెండుసార్లు బీటలు వారడం చిన్నప్పుడు కళ్ళారా చూశాను. అయినా, ఇంగ్లండులో అవన్నీ ఉండవు నాన్నా అనేశాను. ఉంటాయి తమ్ముడూ. మిల్టన్ కీన్స్ చుట్టుపక్కల అడుగున ఉన్నది ఆక్స్‌ఫర్డ్ క్లే అనే బంకమట్టి. పక్కనే ఉన్న బ్లెచ్లీలో ఒకప్పుడు ఆ మట్టితోనే కోట్ల ఇటుకలు కాల్చారు. అది కూడా రేగడిలాగే తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది.

తొలి చలికాలంలోనే ఒక మూల దిగబడింది. చట్రం మెలి తిరిగి తలుపు పడటం మానేసింది. రెండో చలికాలం గాలికి పైకప్పు మీద నీళ్ళు దిగకుండా పరిచే ఫెల్ట్ అనే తారు పట్టా లేచి, నీళ్ళు నేల పలకల్లోకి దిగి, అడుగేస్తే మెత్తగా తగిలేది. మన ఊళ్ళో కలపకు చెద శత్రువు, ఇక్కడ తేమ. లోపల పెట్టిన 8 సూట్‌కేసులకూ బూజు పట్టింది. ఆఫర్‌లో వచ్చిందని రెండు సోనా మసూరి బస్తాలు కొని ఒకటి అక్కడ దాస్తే, ఎలుకలు చిల్లులు పెట్టాయి. షెడ్డు, వడ్డీ, రెండుసార్లు మార్చిన ఫెల్ట్, రంగు, బియ్యం, పారేసిన సూట్‌కేసులు అన్నీ కలిపితే 430 పౌండ్లు తేలింది. మూడేళ్ళు నిలవని దానికి.

2012లో పట్టుదలకు పోయి నేనే కట్టాను. రంపం మెషీను, డ్రిల్లు, క్లాంపులు కలిపి 210 పౌండ్లు. కలప 520. కనబడిన పెద్ద దుకాణంలో కొన్నాను. బిల్డర్లు కొనే టింబర్ మర్చంట్ దగ్గర అదే కలప బాగా తక్కువకు వస్తుందని, మనలాంటివాళ్ళకూ అమ్ముతారని తర్వాత తెలిసింది. ఇంకో తప్పు కొలతల్లో. ప్లైవుడ్ షీటు 8 అడుగులకు 4 అడుగులు వస్తుంది. నేను దర్జాగా 9 అడుగులకు 7 అని గీసుకున్నాను. ప్రతి షీటుకూ ఒక ముక్క కోసి పారేయాల్సి వచ్చింది. ఏడు వారాంతాలు పోయాయి. బేస్‌తో కలిపి మొత్తం 890 పౌండ్లు. ఆ డబ్బుకు మంచి షెడ్డు వాళ్ళే తెచ్చి బిగించి వెళ్ళేవారు.

అయితే ఆ షెడ్డు ఈరోజుకీ గట్టిగా ఉంది. నా చేత్తో కట్టిందని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాను. నిలబడటానికి కారణం మాత్రం దాని కింద పెట్టిన 160 పౌండ్లే. అప్పుడు నాన్నగారు ఫోన్లో చెప్పినట్టే చేశాను. గడ్డీ పైమట్టీ తీసేసి ఆరంగుళాలు తవ్వాను. గుడ్డలాంటి మెంబ్రేన్ పరిచి, టైప్ వన్ అనే కంకర పోసి, అద్దెకు తెచ్చిన మెషీనుతో దిమ్మిస కొట్టించాను. దానిమీద సిమెంటు పలకలు. పక్కింటి పెద్దాయన పూర్వం వడ్రంగం చేసినవాడు. తన రసమట్టం తెచ్చి ప్రతి పలకా చూసి, రెండింటిని మళ్ళీ లేపించాడు. ఆ రెండు గంటల ఓపిక మొదటిసారే ఉండి ఉంటే ఆ 430 పౌండ్లు అలా వృథా అయ్యేవి కావు.

కాబట్టి షెడ్డు ధర చూసి అదే ఖర్చనుకోకు. బేస్, డెలివరీ, తాళం, కలపకు పూసే మందు కలుపుకో. చవక షెడ్లు చాలావరకు మందులో ముంచి తీసినవి. ఏడాదికోసారి మళ్ళీ పూయకపోతే గ్యారంటీ కూడా చెల్లదని రాసుంటుంది. ప్రెషర్ ట్రీటెడ్ అని ఉన్నదైతే మందు లోపలిదాకా ఎక్కుతుంది, పదేళ్ళకో పదిహేనేళ్ళకో గ్యారంటీ ఇస్తారు. ముందు 150 ఎక్కువైనా అదే చవక. చేతిలో 600 ఉంటే 450 షెడ్డుకు, 150 నేలకు. 600కు షెడ్డు కొని గడ్డి మీద పెట్టకు. డబ్బు చేతిలో లేకపోతే ఇంకో ఆర్నెల్లు ఆగు, కార్డు మీద మాత్రం వద్దు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో విప్పి తీసుకెళ్తే ఉచితం అనే షెడ్లు కూడా వస్తుంటాయి. నేల పలకలు స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూసి, దిగబడకపోతే తెచ్చుకో.

ఇంకో లెక్క ఉంది. నేను అప్పుడు చేయలేదు, నువ్వు చెయ్యి. షెడ్డులో పెట్టబోయే వస్తువులన్నీ కాగితం మీద రాసి, ఎదురుగా ఈరోజు అమ్మితే ఎంత వస్తుందో వెయ్యి. నా 8 సూట్‌కేసుల్లో మూడింటికి చక్రాలే లేవు. ఊరెళ్ళేటప్పుడు పనికొస్తాయని మనం పారేయలేం, వాటికోసం ఇల్లు కడతాం. నీ జాబితాలో సైకిళ్ళూ మెషీనూ మాత్రమే మిగిలితే 6 అడుగులకు 4 అడుగుల షెడ్డు సరిపోతుంది, ధరా తగ్గుతుంది. సూట్‌కేసులు ఒకదాంట్లో ఒకటి పెట్టి అటకెక్కించు. బియ్యం, పప్పులు, పచ్చళ్ళు ఏవీ షెడ్డులో వద్దు.

రూల్స్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చదువుకో. ఇంగ్లండులో మామూలు ఇళ్ళకు సాధారణంగా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. సరిహద్దుకు 2 మీటర్లలోపు కడితే ఎత్తు 2.5 మీటర్లు దాటకూడదు, ఇంటి ముందు వైపు వేయకూడదు. ఇల్లు కొత్త ఎస్టేట్‌లోది అయితే దస్తావేజుల్లో వేరే షరతులు ఉండొచ్చు, అవీ చూడు.

ఈ వారం ఏమీ కొనకు. గార్డెన్‌లో జానెడు లోతు తవ్వి తడిమట్టి తీసి, అరచేతుల మధ్య తాడులా పేను. తెగకుండా సాగితే అది బంకమట్టి, నేను చెప్పినట్టు కంకర బేస్ తప్పదు. పొడిపొడిగా విరిగిపోతే పని కొంత సులువు. పెద్ద వాన కురిసిన మర్నాడు పొద్దున్నే వెనక్కి వెళ్ళి నీళ్ళు ఎక్కడ నిలిచాయో చూసి అక్కడ ఒక పుల్ల గుచ్చు. షెడ్డు ఆ పుల్లకు దూరంగా వెయ్యి. కంచెకు ఆనించకుండా, మనిషి వెనక్కి వెళ్ళి మందు పూసేంత సందు వదులు.