పెళ్లిలో మేళం రాలేదు, పరిహారం ఎలా?

ప్రశ్న: మాది గుంటూరు. 2024 ఆగస్టు 18న విజయవాడలో మా అమ్మాయి పెళ్లి చేశాము. జీలకర్ర బెల్లం వేళ 'సీతాకల్యాణ వైభోగమే', తలంబ్రాలప్పుడు 'పిడికిట తలంబ్రాల' నాదస్వరంపై వినాలని మా నాన్నగారు ఎంతో ఆశపడ్డారు. అక్కడి ఈవెంట్ నిర్వాహకుడికి ఫోన్‌పేలో రూ.40,000, నగదుగా రూ.45,000 ఇచ్చాము. ముహూర్తానికి మేళమే రాలేదు. స్పీకర్లలో సినిమా పాటలు వేశారు. నాన్నగారు నేటికీ కుమిలిపోతున్నారు. కీర్తనల జాబితా వాట్సాప్‌లో పంపినప్పుడు ఆ నిర్వాహకుడు 'అలాగే సార్, మేళం మా బాధ్యత' అని జవాబిచ్చారు. పాత తేదీతో ఒప్పందం రాయించమని మిత్రులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: నాన్నగారి బాధ గురించి మీరు చాలా రాశారు గాని, కేసును తేల్చేది ఆ వాట్సాప్ జవాబు ఒక్కటే. 'సంగీతం పెట్టాము కదా' అన్నదే అవతలివారి వాదన అవుతుంది. మీరు డబ్బిచ్చింది ఏదో ఒక సంగీతానికి కాదని, నాదస్వర మేళానికని, ఫలానా కీర్తనలకని ఆ సందేశమే చెబుతుంది. అందువల్ల ఆ ఫోన్ మార్చవద్దు, చాట్‌లో ఒక్క అక్షరం తొలగించవద్దు. దాని ప్రతికి సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయండి. అందులో ఒక భాగంపై మీరు, మరో భాగంపై నిపుణుడు సంతకం చేయాలి. వీడియోగ్రాఫర్ దగ్గరున్న ఎడిట్ చేయని ఫుటేజీని వెంటనే తీసుకోండి. ముహూర్త సమయంలో ఏం మోగిందో అందులో వినిపిస్తుంది. పురోహితుని అఫిడవిట్ (ప్రమాణం చేసి ఇచ్చే లిఖిత వాంగ్మూలం) దానికి బలం.

నలభై అయిదు వేలు రసీదు లేకుండా చేతికివ్వడం క్షమించరాని అజాగ్రత్త. ఆ లోటు పూడ్చడానికి పాత తేదీతో పత్రం పుట్టిస్తే అది ఫోర్జరీ. ఉన్న నిజమైన సాక్ష్యాన్ని కూడా అదే ముంచుతుంది, మీరే ముద్దాయి అవుతారు. ఆ ఆలోచన ఈ క్షణమే మానుకోండి. నగదు ఇచ్చేటప్పుడు పక్కన ఉన్నవారి అఫిడవిట్, ఆ రోజు బ్యాంకులో డబ్బు తీసిన ఎంట్రీ ఉంటే అవి చాలావరకు ఆదుకుంటాయి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లే, అంటే 2026 ఆగస్టు 18తో అది ముగుస్తుంది. లీగల్ నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు గాని, దానిపై ఆధారపడవద్దు. పదిహేను రోజుల గడువుతో ఇప్పుడే నోటీసు ఇచ్చి, జవాబు రాకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. ఫిర్యాదుదారు నివసించే చోట వేసే హక్కును 34వ సెక్షన్ ఇస్తుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటలేదు కనుక ఫీజు ఉండదు. మేళానికి ఇచ్చిన సొమ్ము, వడ్డీ, ఖర్చులతో పాటు మానసిక వేదనకు పరిహారం కూడా కోరండి. నాన్నగారి అఫిడవిట్ అక్కడ పనికివస్తుంది.