పద్దు పుస్తకం నుంచి మిల్లు గంట దాకా

ప్రశ్న: అమెరికా తొలినాళ్లలో అధిక సంఖ్యాకులు సొంత పొలం దున్నుకునే రైతులేనని చదివాను. అటువంటి సమాజంలో పెట్టుబడిదారీ విధానం ఎలా వేళ్లూనుకుంది? వలస వచ్చినవారు దానిని వెంటే తెచ్చుకున్నారా?

జవాబు: వ్యాపారం వారితోనే వచ్చింది, 17వ శతాబ్దంలోనే వర్జీనియా పొగాకు ఓడలకెక్కి ఇంగ్లండుకు చేరేది. అయితే రోజువారీ బతుకంతా సంతకు లోబడటానికి చాలా కాలం పట్టింది. 18వ శతాబ్దంలో, అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్ పల్లెల్లో ఇరుగుపొరుగు లావాదేవీలు ఎక్కువగా పద్దు పుస్తకాల మీదే నడిచేవి. ఒకరు తమ ఎద్దులను ఒక రోజు దుక్కికి పంపినా, మరొకరు బూట్లు కుట్టిపెట్టినా, దాని విలువను డబ్బు లెక్కలో రాసుకునేవారే కానీ, ఆ బాకీ తరచుగా వడ్డీ లేకుండా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయేది. లెక్క తెలియక కాదు, రేపు మళ్లీ ఆ మనిషితోనే అవసరం పడుతుందన్న ఎరుక వల్ల అలా జరిగేదని నా అభిప్రాయం.

ఈ అల్లిక విడిపోవడానికి కారణాలు అనేకం. శామ్యూల్ స్లేటర్ 1790లో రోడ్ ఐలండ్‌లోని పావ్‌టకెట్‌లో నీటి శక్తితో నూలు వడికే యంత్రాలను నడిపించాడు. 1825లో పూర్తయిన 363 మైళ్ల ఈరీ కాలువ లోతట్టు ప్రాంతాల ధాన్యానికి న్యూయార్క్ దారి తెరిచింది. కానీ మనుషుల మనసులో వచ్చిన మార్పును చూడాలంటే మసాచుసెట్స్‌లోని లోవెల్ పట్టణానికే వెళ్లాలి. 1820లలో మెరిమాక్ నది ఒడ్డున వెలిసిన ఆ మిల్లులకు పల్లెల నుంచి రైతుల ఆడపిల్లలు పనికి వచ్చి, కంపెనీ వసతిగృహాల్లో ఉంటూ, గంట మోగితే లేచి, గంట మోగితే తిని, రోజుకు పన్నెండు గంటలకు పైగా పనిచేశారు. పొలంలో ఎండనూ వాననూ బట్టి సాగిన పని ఇక్కడ గడియారానికి కట్టుబడింది. తొలిసారిగా తమ చేతికందిన జీతం వారికి స్వేచ్ఛగానే అనిపించింది, అది నిజమైన స్వేచ్ఛే. అయినా, 1834లో యాజమాన్యాలు ఆ జీతాన్ని తగ్గించబూనినప్పుడు, స్వతంత్ర రైతుల కూతుళ్లమన్న అభిమానంతోనే వందలాది మంది పని మాని వీధిలోకి వచ్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు సాగలేను. ఆ మగ్గాల మీదికి వచ్చిన పత్తి దక్షిణాది తోటల్లో బానిసలు ఏరినది. 1793లో ఈలై విట్నీ రూపొందించిన జిన్నింగ్ యంత్రం గింజ తీయడాన్ని సులువు చేయగా, పత్తి సాగు విస్తరించి, 1790లో సుమారు ఏడు లక్షలుగా ఉన్న బానిసల సంఖ్య 1860 నాటికి దాదాపు నలభై లక్షలకు చేరింది. ఆ మనుషులను తాకట్టు పెట్టి తోటల యజమానులు అప్పులు తెచ్చుకునేవారు. కాబట్టి ఉత్తరాది కూలిపనినీ దక్షిణాది బానిసత్వాన్నీ వేర్వేరు కథలుగా చెప్పడం సరికాదు.

1845లో లోవెల్ శ్రామిక స్త్రీలు, సారా బాగ్లీ తదితరుల నాయకత్వంలో, పది గంటల పనిదినం కోరుతూ రాష్ట్ర శాసనసభకు విన్నవించుకున్నారు. విచారించిన శాసనసభా సంఘం వారి కష్టాన్ని ఒప్పుకుంటూనే, పని గంటల విషయం యజమానికీ పనివారికీ మధ్య ఒప్పందానికి సంబంధించినదని, చట్టం చేయనవసరం లేదని తేల్చింది. మసాచుసెట్స్‌లో స్త్రీలకు పది గంటల చట్టం 1874లో గానీ రాలేదు.