బందరుకు రెండు రాత్రులు

అనంతపురం

పాపా,

సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు సముద్రం చూపించాలనుకున్నావనీ, విశాఖపట్నానికి టికెట్లు దొరకలేదనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దొరక్కపోతే పోనీలే. బందరుకు పోండి. మచిలీపట్నం అంటే నీకు లడ్డు ఒక్కటే గుర్తొస్తుందేమో. నేను మూడుసార్లు పోయొచ్చాను. మొదటిసారి చేసిన పొరపాటు నువ్వు చేయకూడదనే ఈ ఉత్తరం.

ఆ మొదటిసారి విజయవాడలో దుర్గమ్మ దర్శనం చేసుకుని మధ్యాహ్నం బస్సెక్కాం. బందరులో దిగి సముద్రం ఎటువైపని అడిగితే జనం ఆటోస్టాండు చూపించారు. ఊళ్ళో సముద్రం లేదు. మంగినపూడి బీచ్ అక్కడికి 11 కిలోమీటర్లు. మేం చేరేసరికి పొద్దు మా వీపు వెనకాల కుంకింది. ఆటో అతను మమ్మల్ని దించి వెళ్ళిపోయాడు. చీకట్లో పిల్లలు ఏడుస్తుంటే ఇంకో బండి కోసం గంటన్నర నిలబడ్డాం. సముద్రం చప్పుడు విన్నాం, అంతే.

అందుకే చెబుతున్నా, రెండు రాత్రులు బందరులోనే పడుకునేలా చూసుకో. సెలవులిచ్చిన మరుసటి రోజే బయలుదేరి భోగికి ఇంటికి వచ్చేయండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, పండగ మూడు రోజులూ పెడనలో గుడ్డలు అద్దే పనివాళ్ళు దొరకరు. అనంతపురంలో రాత్రి బస్సెక్కితే తాడిపత్రి, గిద్దలూరు, వినుకొండ, గుంటూరు మీదుగా విజయవాడ చేరతారు. అక్కడి నుంచి బందరు 70 కిలోమీటర్లు. ఉయ్యూరు, పామర్రు మీదుగా బస్సులు పోతూనే ఉంటాయి. కిటికీ పక్కన పిల్లల్ని కూర్చోబెట్టు. వానకోసం ఆకాశం చూసే ఊళ్ళో పెరిగినవాళ్ళు, రోడ్డు పక్కన కాలవలు, కనుచూపు మేర పొలాలు చూడనీ. రూము బస్టాండుకు దగ్గర్లో తీసుకో. దోమలుంటాయి, జాగ్రత్త. మన పొడి ఎండ కాదు అక్కడిది, చెమట ధారగా కారుతుంది. జనవరిలో కాస్త నయమే అయినా నూలుబట్టలే పెట్టు, నీళ్ళు ఎక్కువ తాగించు.

సముద్రానికి తెల్లవారుజామున పోవాలి. మన తూర్పు తీరంలో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది. రాత్రే ఆటో మాట్లాడుకో, రానూపోనూ కలిపి, ఆగే సమయంతో సహా. అటువైపు కొత్త ఓడరేవు పనులు జరుగుతున్నాయి కాబట్టి ఏ దారిలో పోవాలో హోటల్లోనే అడుగు. అక్కడ మెరిసే ఇసుక ఉంటుందని పిల్లలకు ఆశ పెట్టొద్దు. మంగినపూడిది నల్లమట్టి. మన తాడిపత్రి వైపు రేగడి తడిసినట్టు కాళ్ళకు అంటుకుంటుంది. నాకు ఆ మట్టే నచ్చింది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. మన పిల్లలకు తెలిసినవి చెరువు నీళ్ళు, అవి కదలవు. అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద మట్టిని కూడా లాక్కుపోతుంది. మోకాళ్ళు దాటనివ్వొద్దు, చెయ్యి వదలొద్దు. అక్టోబరు, నవంబరుల్లో అయితే నేనసలు పొమ్మనేదాన్నే కాదు. 1864 నవంబరు 1 రాత్రి తుపానుకు సముద్రం ఊరి మీదికి వచ్చి దాదాపు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న పక్కనే దివిసీమను ముంచింది. ఒడ్డున నిలబడినప్పుడు పెద్దవాడికి ఇది చెప్పు. వాడికి అర్థమయ్యే వయసే.

రెండో రోజంతా పెడనకు ఇవ్వు, కలంకారీ గుడ్డలు అద్దే ఊరు. బందరుకు పది కిలోమీటర్ల దూరం. పోయే ముందు రోజే పని ఉందో లేదో అడిగించు. గుడ్డలు ఎండలో ఆరాలి కాబట్టి మబ్బు పట్టిందంటే పని సాగదు. కలంకారీ అంటే మనకు శ్రీకాళహస్తి గుర్తొస్తుంది, అక్కడ కలంతో గీస్తారు. ఇక్కడ టేకు అచ్చులతో అద్దుతారు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ పసుపు ఛాయలో ఉంటుంది. తుప్పు ఇనుమును బెల్లంతో నానబెట్టిన నీళ్ళలో అచ్చు ముంచి దాని మీద పెట్టి, పనివాడు అరచేత్తో గట్టిగా ఒక్క దెబ్బ వేస్తాడు. అచ్చు తీయగానే గీత పలచగా ఉంటుంది. చూస్తుండగానే అది నల్లబడుతుంది. ఇనుమూ కరక్కాయా కలిస్తే వచ్చే నలుపు అది. ఎరుపుది ఇంకో కథ. పటిక నీళ్ళతో అచ్చు వేసిన చోట ముందు పెద్దగా ఏమీ కనబడదు, రంగు కాగులో ఉడికించాకే ఎర్రగా తేలుతుంది. నేను ఆ కాగు పక్కన గంట సేపు నిలబడ్డాను. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో ఆ ఆడవాళ్ళ చీరల అంచులు చూసి ఇవి ఎలా వేసేవారో అని మనం అనుకున్నాం కదా, నాకు అవే గుర్తొచ్చాయి. డచ్చివాళ్ళూ, 1611లో వచ్చిన ఇంగ్లీషువాళ్ళూ బందరులో దిగింది ఈ తీరం అద్దకం గుడ్డల కోసమే.

ఫోటో తీసే ముందు అడుగు. కొనేటప్పుడు అచ్చు పక్కన అచ్చు కలిసే చోటు చూడు. వెంట్రుకవాసి తేడా ఉంటే చేత్తో వేసిందని లెక్క. అన్నీ గీత గీసినట్టు ఉంటే స్క్రీన్ ప్రింటు కావచ్చు. చేతి పనికి బేరమాడొద్దు పాపా. ధర్మవరం మగ్గాల మధ్య పెరిగినదానివి, నీకు వేరే చెప్పాలా.

మిగిలిన పూట ఊళ్ళో నడవండి. డచ్చివాళ్ళ సమాధులున్నాయి, రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు పిల్లలు వేళ్ళతో తడుముతారు. చిలకలపూడిలో 1929లో కట్టిన పాండురంగడి గుడి ఉంది. ఆ పక్కనే రోల్డ్ గోల్డ్ నగలు. 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టిన ఊరు ఇదేనని మీ ఆయనకు చెప్పు, బ్యాంకు మనిషి కదా.

తిరుగు ప్రయాణంలో సమయం మిగిలితే ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం పోండి. జిల్లా శ్రీకాకుళం అనుకుని ఆటోవాళ్ళు తికమక పడతారు, ఆంధ్ర మహావిష్ణువు గుడి అని చెప్పు. తెలుగులో కావ్యం రాయమని ఆ స్వామి కలలో చెప్పాడని కృష్ణదేవరాయలే చెప్పుకున్నాడు. రాయల పేరు పెట్టిన యూనివర్సిటీలో చదివావు, పెనుకొండ కోట పదిసార్లు ఎక్కావు. ఆ గుడి గడప కూడా తొక్కి రా.

లడ్డు పిల్లలకు కొను. శనగపిండితో వేయించింది రోట్లో దంచి, బెల్లం పాకం పోసి మళ్ళీ దంచుతారు, అందుకే తొక్కుడు లడ్డు అంటారు. నాకు షుగరు, వద్దు. పెడనలో ఒక మీటరు గుడ్డ తీసుకురా, నలుపూ ఎరుపూ ఉన్నది. అచ్చు అచ్చుకూ కాస్త తప్పినదైతే మరీ మంచిది.

పెద్దమ్మ